తేటనీరెల్ల మంచినీరు కాదు

తొలకరి జల్లులు పడి, వీధి కాలువలు పొంగి, కుళాయి నీరు రెండు మూడు దినములు రంగు మారి వచ్చు కాలమున నా వైద్యశాలలో కూర్చుండుటకు బల్లలు చాలవు. విరేచనములు, వాంతులు, కామెర్లు, విడువని జ్వరములు. ఈ 40 ఏండ్లలో ఒక్క యేడు కూడ ఇది తప్పలేదు. "నీళ్ళు కాచి త్రాగుచున్నారా?" అని నేను ప్రతి రోగిని అడుగుదును. చదువుకొన్న కుటుంబములవారు ఇంచుమించు అందరును "కాచియే త్రాగుచున్నామండీ" అని చెప్పుదురు. కాచిన నీటికి ఇక తిరుగు లేదని వారి నమ్మకము. ఒకప్పుడు నా నమ్మకము కూడ అదియే. ఆ నమ్మకము వలన ఒక కుటుంబమునకు నేనే కీడు చేసితిని. నీటి కాలుష్యమును గూర్చి వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఆ సంగతియే. కావున దానిని దాచక చెప్పెదను.

గురువుగారి ఇంటి కుండలు

నేను విద్య నేర్చినది కోనసీమలో, గోదావరి పాయ ఒడ్డున, గురువుగారి ఇంట. శ్రావణమాసమున గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చును. శిష్యులము నలుగురము తెల్లవారుజామున కావిళ్ళతో ఆ నీరు తెచ్చి పెద్ద కుండలలో పోసెడివారము. అందులో ముంచిన చేయి మణికట్టు దాటిన తరువాత కనపడదు. గురుపత్నిగారు ఒక చిల్లగింజను (కొన్ని సీమలలో దీనిని ఇందుపగింజ అందురు) కుండ లోపలి గోడకు నాలుగు చుట్లు అరగదీసి, తెడ్డుతో నీటిని ఒకసారి కలిపి, మూత పెట్టెడివారు. మధ్యాహ్నమునకు బురద అడుగున దిగి, పైన నీరు అద్దమువలె తేరెడిది. ఆ తేటను పాత ధోవతి మడతలలో వడగట్టి, కాచి, చల్లార్చి త్రాగుట ఆ ఇంటి ఆచారము.

ఇది కేవలము ఇంటి ఆచారము కాదు. సుశ్రుతాచార్యులు సూత్రస్థానములో నీటిని తేర్చు ద్రవ్యములు ఏడింటిని చెప్పినారు. అవి చిల్లగింజ, గోమేధికము, తామరతూటి గడ్డ, నాచువేరు, వస్త్రము, ముత్యము, స్ఫటికమణి. గోమేధికమును ముత్యమును మా గురువుగారి ఇంట నేనెన్నడును చూడలేదు. గింజయు గుడ్డయు మాత్రము ఎన్నడును తప్పలేదు. గుడ్డను తక్కువగా చూడవలదు. బంగ్లాదేశ్ గ్రామములలో పాత నూలుచీరను కనీసము నాలుగు మడతలు వేసి నీటిని వడగట్టించి చూడగా కలరా వ్యాధి దాదాపు సగము తగ్గినట్లు 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. కొత్త చీర కంటె పలుమార్లు ఉతికిన పాత చీర మేలు. దాని దారములు విచ్చుకొని, నేతలోని సందులు మూసుకొనును. కలరా క్రిములు నీటిలోని అతిసూక్ష్మ జీవులను అంటిపెట్టుకొని యుండును. ఆ జీవులు గుడ్డలో చిక్కుకొనును.

ఒకనాడు నేను తేరిన కుండను చూచి మురిసిపోవుచుండగా గురువుగారు పిలిచి, "ఒరేయ్ నాయనా, బురద కంటికి కనపడే శత్రువు. దానితో భయం లేదు. నీటి దోషాలు ఎన్నో చెప్పు" అన్నారు. ఆరు అని చెప్పితిని. స్పర్శ, రూప, రస, గంధ, వీర్య, విపాక దోషములు. జిగురుగా గాని గరుకుగా గాని తగులుట స్పర్శదోషము. బురద, నాచు, వింతరంగులు రూపదోషము. నీటికి తెలియునట్టి రుచి యుండుట రసదోషము, దుర్వాసన గంధదోషము. త్రాగినవారికి దప్పిక, బరువు, శూల కలిగించుట వీర్యదోషము. ఆలస్యముగా జీర్ణమై కడుపు ఉబ్బించుట విపాకదోషము. "మొదటి నాలుగూ నీ ఇంద్రియాలకు తెలుస్తాయి. చివరి రెండూ ఎవరికి తెలుస్తాయి?" అని మరల అడిగినారు. నేను మౌనముగా ఉంటిని. "త్రాగినవాడి ఒంటికి తెలుస్తాయి, అదీ ఆలస్యంగా" అని తామే చెప్పి లేచిపోయినారు. ఆ మాట అర్థమగుటకు నాకు మరి పదేండ్లు పట్టినది.

రాయి నుండి వచ్చిన రోగము

1985లో నేను నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న ఊరిలో వైద్యము ఆరంభించితిని. కోనసీమ నుండి వచ్చినవానికి ఆ నేల కొత్త. ఎటు చూచినను గ్రానైటు బండలు, వాన తక్కువ, కాలువ లేదు. ఊటబావులు ఎండిపోగా జనులు బోర్లు త్రవ్వించుకొనుచున్నారు. అయినను బోరునీటిని చూచి నేను ఆనందించితిని. ఎంత తేట! వాసన లేదు, రంగు లేదు, వంక పెట్టదగిన రుచియు లేదు. గురువుగారు చెప్పిన మొదటి నాలుగు పరీక్షలలోను నెగ్గిన నీరది.

రెండేండ్ల తరువాత ఒక పాఠశాల ఉపాధ్యాయుడు భార్యను వెంటబెట్టుకొని వచ్చినారు. ఆమెకు 30 ఏండ్లు దాటలేదు. ఉదయము లేవగనే నడుము పట్టివేయుట, మెడ బిగియుట, మోకాళ్ళ నొప్పులు. "వాకిలి ఊడుద్దామంటే నడుము వంగుతలేదు అయ్యగారూ" అని చెప్పినది. నేను నాడి చూచి, నాలుక చూచి, ఆమవాతమని నిర్ణయించితిని. మహారాస్నాది కషాయము, యోగరాజ గుగ్గులు వ్రాసితిని. పులుపు మానుమంటిని. శొంఠి వేసి సగము మిగులు వరకు మరగించిన నీటినే త్రాగుమంటిని. "ఇంటిల్లిపాదికీ అదే మంచిది, పిల్లలకు కూడా ఇవ్వండి" అని దయగా ఒక మాట చేర్చితిని.

మరగిన నీటిని గూర్చి మా శాస్త్రము చక్కగా చెప్పినది. నాల్గవవంతు ఇగిరిన నీరు వాతమునకు, సగము ఇగిరినది పిత్తమునకు, మూడువంతులు ఇగిరినది కఫమునకు హితమని నిఘంటుకారుల మాట. ఆమదోషమును పచనము చేయుటకు అర్ధావశిష్టమగు శొంఠినీరు మా గురుపరంపరలో వాడుక. శాస్త్రములో తప్పు లేదు. అది ఏ నీటిని ఉద్దేశించి చెప్పబడినదో నేను ఆలోచింపలేదు.

ఉపాధ్యాయులవారు చదువుకొన్నవారు, శ్రద్ధ గలవారు. వైద్యుని మాటను అక్షరము తప్పక పాటించినారు. సంవత్సరము గడచినది. కషాయముతో నొప్పి నాలుగు దినములు తగ్గి మరల వచ్చుచున్నది. ఒక సాయంకాలము వారి ఇంటికి వెళ్ళితిని. ఆమె పొయ్యి మీది గిన్నెను నాకు చూపి, "మీరు చెప్పినట్టే సగం అయ్యేదాకా కాస్తున్నమయ్యా. గిన్నె అడుగుకు సున్నమోలె పట్టుకుంటది, వారానికోసారి గీకాలె" అన్నది. తెల్లని పెచ్చు వేలి మందమున్నది. అది ఫ్లోరైడు కాదు, కఠినజలములోని సున్నమే. కాని ఆ పెచ్చును చూచినప్పుడు నా గుండె జారినది. ఆవిరియై పోవునది నీరు మాత్రమే, నీటిలో కరిగియున్నది గిన్నెలోనే మిగులును గదా! అప్పుడే వారి పెద్దపాప లోపలి నుండి వచ్చి నవ్వినది. ఎనిమిదేండ్ల పిల్ల. కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద సుద్ద మచ్చలు, గోధుమరంగు చారలు. అటువంటి పళ్ళు ఆ ఊరిలో ఎందరికో చూచియుంటిని. చూచి ఊరకున్నాను.

నీటిని జిల్లా కేంద్రములో పరీక్ష చేయించితిమి. ఫ్లోరైడు లీటరునకు 4 మిల్లీగ్రాములు దాటినది. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో అది 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేరు నీరు దొరకనే దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చును. ఇప్పుడు లెక్క వేయుడు. రెండు లీటర్ల నీటిని ఒక లీటరుగా మరగించినచో ఆ లీటరులో నిలుచునది ఇంచుమించు 8 మిల్లీగ్రాములు. ఊరిలోని పేదవారు పచ్చినీరు త్రాగి ఒక వంతు విషము పొందుచుండగా, నా మాట నమ్మినవారు రెండు వంతులు పొందినారు.

ఫ్లోరైడు ఎట్లు పనిచేయును

నల్లగొండ నేలలోని గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. నీరు ఆ రాళ్ళ పగుళ్ళలో ఎంత కాలము నిలిచిన అంత కరగించుకొనును. వాననీరు చెరువులలో నిలిచి భూమిలో ఇంకుచున్నంత కాలము పైబావులలో కొంత పలుచదనము ఉండెడిది. చెరువులు పూడి, నూరు అడుగులు పోయి అయిదునూరు అడుగుల బోర్లు వచ్చినవి. రాయి ప్రకృతిది, దానిని తోడి నోటిలో పోసికొన్న తొందర మనది. ప్రకృతిసిద్ధమైన దోషమని ఊరకుండువారికి నేను ఈ మాటయే చెప్పుచుందును.

ఈ వ్యాధి తెలుగుదేశమునకు నేటిది కాదు. 1937లో అప్పటి మదరాసు రాజధానిలో చేరిన నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరోసిస్ ఉన్నట్లు వైద్యపత్రికలలో వెలువడినది. ఇప్పుడు ప్రకాశము జిల్లాగా పిలుచు ప్రాంతపు పల్లెలవి.

శరీరములో చేరిన ఫ్లోరైడులో కొంత మూత్రముతో పోవును. తక్కినది ఎముకలలోను పెరుగుచున్న దంతములలోను చేరును. దంతములు చిగురు లోపల తయారగు కాలములో, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపున, ఈ నీరు త్రాగిన పిల్లలకే పళ్ళు గారపట్టును. అది తోమిన పోవు గార కాదు, పంటి లోపలిది. పెద్దవారిలో మెడ, వెన్ను, కటి మొదట పట్టును. తరువాత వెన్నుపూసల నడుమ ఎముక పెరిగి, వెన్ను కఱ్ఱవలె బిగిసి, మనిషి వంగిపోవును. పాలు, తగిన ఆహారము లేని పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగుట అధికము. అంతవరకు ముదిరిన దానికి మా వైద్యములోగాని, పాశ్చాత్య వైద్యములోగాని వెనుకకు త్రిప్పు ఔషధము లేదు. నొప్పిని తగ్గింపగలము, ఎముకను మార్చలేము.

ఇంటిలోనే చూచుకొన దగిన మూడు పరీక్షలున్నవి. మోకాళ్ళు వంచక నేల మీది నాణెమును తీయగలరా? గడ్డమును ఱొమ్మునకు తాకింపగలరా? రెండు చేతులను తల వెనుకకు పెట్టుకొనగలరా? ఫ్లోరైడు నీటి ప్రాంతమున నివసించువారు ఇందులో ఏది చేయలేకున్నను వాతనొప్పి అని సరిపెట్టుకొనక నీటిని పరీక్ష చేయింపవలెను.

ఉపాధ్యాయులవారు ప్రయత్నించి సాగర్ ఎడమకాలువ క్రింది ఊరికి బదిలీ చేయించుకొనిరి. కాలువ నీరు త్రాగుట మొదలిడిన ఏడాదిలో ఆమె నొప్పులు చాలవరకు తగ్గినవి. మెడ మాత్రము పూర్తిగా తిరుగలేదు. పెద్దపాప పళ్ళు అట్లే నిలిచినవి. బదిలీ నాటికి చంటివాడైన కొడుకునకు తరువాత తెల్లని పళ్ళు వచ్చినవి. వారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె పెండ్లి శుభలేఖలు పంపినప్పుడెల్ల నాకు ఆ గిన్నె జ్ఞాపకము వచ్చును.

ఇప్పుడు మిషన్ భగీరథ పథకము క్రింద ఆ ఊళ్ళకు కృష్ణానీరు గొట్టములలో వచ్చుచున్నది. అది గొప్ప మేలు. కాని కుళాయి రాని దినమున పాత బోరు వైపు బిందె పట్టుకొని పోవు అలవాటు ఇంకను ఉన్నది. త్రాగుటకు ఒక నీరు, వంటకు ఒక నీరు వాడువారు కూడ కలరు. అన్నములోను పప్పులోను ఇంకిన నీటితో ఫ్లోరైడు లోపలికే పోవునని వారికి తెలియదు.

మనుష్యుడు కలిపిన దోషములు

చరకసంహితలో జనపదోద్ధ్వంసము అను అధ్యాయమున్నది. పునర్వసు ఆత్రేయుడు గంగాతీరమున శిష్యుడగు అగ్నివేశునకు చెప్పిన విషయమది. జనుల ప్రకృతులు, ఆహారములు, వయస్సులు వేఱువేఱుగా ఉండగా ఒకే కాలమున ఒకే రోగముతో ఊళ్ళకు ఊళ్ళు నశించుట ఎట్లు అని ప్రశ్న. గాలి, నీరు, నేల, కాలము అందరికిని సమానమైనవి. అవి చెడినప్పుడు అందరును చెడుదురని సమాధానము. చెడిన నీటికి చెప్పిన గుర్తులలో ఒకటి నన్ను చాల కాలము ఆలోచింపజేసినది. నీటిపక్షులు విడిచిపెట్టిపోయిన నీరు చెడినదట. దానికి మూలమేదని అడుగగా, దేశమును నగరమును నడుపువారు ధర్మము తప్పగా, వారి క్రిందివారును, వ్యవహారముచే జీవించువారును ఆ అధర్మమును పెంచుదురని చెప్పినారు. నీటి కాలుష్యమునకు కారణములు వ్రాయుమన్న నేడును ఇంతకంటె స్పష్టముగా వ్రాయుట కష్టము.

మూసీనది వికారాబాదు వద్ద అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమ నుండి పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. కొండలో పుట్టినప్పుడు అది ఏరు. నగరము దాటునప్పటికి మురుగుకాలువ. నురగ కక్కుచు, నల్లనై, దిగువ పల్లెల పొలములకు పారును. ఆ నీటిలో దిగి నాట్లువేయు స్త్రీల కాళ్ళకు దురదలు, పుండ్లు నేను స్వయముగా చూచి చికిత్స చేసినవే. వేపాకు, పసుపు, త్రిఫలాకషాయముతో మానును. మరునాడు మరల అదే నీటిలో దిగుదురు.

మురుగు నుండి మన గ్లాసులోనికి దారి చాల దగ్గర. మన పట్టణములలో నీరు రోజంతయు రాదు. కుళాయి కట్టినప్పుడు గొట్టములో ఒత్తిడి పడిపోవును. గొట్టము మురుగుకాలువ ప్రక్క నుండి పోవుచు ఎచ్చటనైన చిట్లియున్నచో ఆ సమయమున బయటి మురుగు లోపలికి చేరును. మరల నీరు వదలినప్పుడు మొదట వచ్చునది అదే. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగువారు ఈ పనిని ఇంకను సులభము చేయుచున్నారు. ప్రక్క ఇంటి కంటె రెండు బిందెలు ఎక్కువ పట్టుకొందమన్న ఆశతో కాలువ నీటిని గూడ పీల్చుకొనుచున్నామని వారెరుగరు.

ఢిల్లీలో 1955 చివర ఇట్టిదే పెద్ద ఎత్తున జరిగినది. యమునలోని మురుగు వెనుకకు తన్ని పట్టణమునకు నీరు తోడు చోటికి చేరినది. అధికారులు క్లోరిన్ పెంచిరి. టైఫాయిడ్ ప్రబలలేదు, కాని కొద్ది వారములలో 29,000 మందికి పైగా కామెర్లు సోకినవి. క్లోరినునకు లొంగునవి కొన్ని, లొంగనివి కొన్ని అని ఆ ఘటన నేర్పినది. నేడు దానిని హెపటైటిస్ ఇ అందురు. గర్భిణులకు అది ప్రాణాంతకము. కావున ఒక మాట గట్టిగా చెప్పుచున్నాను. గర్భిణికి కళ్ళు పచ్చబడినచో నేలఉసిరి రసమని, పసరుమందు అని ఒక్క పూట కూడ ఆగరాదు, ఆ దినమే పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. పసరువైద్యమును నేనును గౌరవింతును. ఇది దానికి తగిన చోటు కాదు.

ఇక కర్మాగారములు. పటాన్‌చెరు పరిసరములలోని నక్కవాగు పేరు చాలమంది వినియుందురు. అచ్చటి ఔషధ కర్మాగారముల వ్యర్థజలము చేరు శుద్ధికేంద్రము నుండి బయటికి వదలిన నీటిని పరీక్షించి స్వీడన్ దేశపు పరిశోధకులు 2007లో ప్రకటించిన ఫలితము వైద్యుడైన వాడెవడును మరువలేడు. ఆ నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండుదాని కంటె అది అధికము! వాగులోని క్రిములు ఆ మందుకు అలవాటుపడి, రేపు మనకు అదే మందు అవసరమైనప్పుడు లొంగకపోవును. పెద్ద కర్మాగారముల సంగతి ప్రభుత్వములు, న్యాయస్థానములు చూడవలెను. మనము మిగిలిన మాత్రలను, గడువు తీరిన సీసాలను మురుగుదొడ్డిలో పారబోయకుండ ఉండవచ్చును గదా.

పొలముల ఎరువులు, మరుగుదొడ్ల ఇంకుడుగుంతలు బావులలోనికి నైట్రేటును చేర్చును. అది లీటరునకు 45 మిల్లీగ్రాములు దాటిన నీటితో పోతపాలు కలిపి ఇచ్చినచో చంటిబిడ్డల రక్తము ప్రాణవాయువును మోయలేక పెదవులు నీలమగును. ఇది కూడ కాచిన పోవునది కాదు, ఫ్లోరైడువలె ఇగిరిన కొలది చిక్కబడును.

వినాయకచవితికి ఇరువదియొక్క పత్రితో మట్టివిగ్రహమును పూజించి నీటిలో కలుపుట మన పెద్దల పద్ధతి. మట్టి మట్టిలో కలియును, ఆకు కుళ్ళి ఎరువగును. ఇప్పుడు రంగులు పూసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కొండలను హుస్సేన్‌సాగరులో దింపుచున్నాము. ఇది ఏ గృహ్యసూత్రములో ఉన్నదో పెద్దలు చెప్పవలెను.

ఇంటిలో చేయదగినవి

నీటిలో ఏ దోషమున్నదో తెలిసిన తరువాతనే దానికి తగిన శుద్ధి. ఈ ఒక్క విషయమును గృహిణులు పట్టుకొనిన చాలును. బురదకు చిల్లగింజ లేక మునగగింజ. ఎండిన మునగగింజ పైపొట్టు తీసి మెత్తగా నూరి, మురికినీరైనచో లీటరునకు ఒక గింజ చొప్పున కలిపి, అయిదు నిమిషములు మెల్లగా త్రిప్పి, రెండు గంటలు కదలింపక ఉంచిన తేరును. తేటను వంచుకొని తప్పక కాచవలెను, మరునాటికి ఉంచరాదు. క్రిములకు అగ్నియే మందు. నీరు సలసల కాగిన తరువాత మూతపెట్టి అయిదు నిమిషములు ఉంచిన చాలును, ఇగిరింప పనిలేదు. కాచిన నీటిని అదే పాత్రలో చల్లార్చుడు. చేతితో గ్లాసు ముంచక, కాడగల గరిటెతో తీయుడు. నిన్న కాచిన నీరు నేడు పనికిరాదని మా శాస్త్రము చెప్పినది. ఇది అక్షరాల నిజము.

బావికిగాని, నేలతొట్టికిగాని మంచి బ్లీచింగు పొడి 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు బకెట్టులో కలిపి, సున్నపు మడ్డి దిగిన తరువాత పైతేటను మాత్రము పోసి, ఒక గంట ఆగి వాడవలెను. వానకాలమునకు ముందు ఇంటిపై తొట్టి కడిగించుకొనువారు మన వీధిలో ఎందరున్నారు?

రాగిచెంబును గూర్చి పాఠకులు తరచుగా అడుగుదురు. రాగి పాత్రలో 16 గంటలు ఉంచిన నీటిలో విరేచనకారక క్రిములు నశించినట్లు బెంగుళూరు పరిశోధకులు 2012లో చూపినారు. రాత్రి పోసి ఉదయము త్రాగుట మంచి అలవాటే. అయితే రాగి ఫ్లోరైడును తీయదు, నైట్రేటును తీయదు. అందులో మజ్జిగ, నిమ్మరసము, చారు ఉంచరాదు.

ఫ్లోరైడునకు పటిక, సున్నము, కొద్దిగా బ్లీచింగుపొడి కలిపి తేర్చు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970వ దశకములో రూపొందించినారు. ప్రపంచమంతట దాని పేరు 'నల్లగొండ పద్ధతి'. పటిక పాలు నీటిని బట్టి మారును, కొలత తప్పిన నీటిలో అల్యూమినియము మిగులును. కావున తెలిసినవారి వలన నేర్చుకొని చేయవలెను గాని చేతికొలతతో కాదు. ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడును చాలవరకు తీయును. దానితోపాటు మేలైన లవణములును పోవును, చాల నీరు వృథా అగును. ఆ వృథా నీటిలో దోషమంతయు చిక్కబడియుండును. దానిని బావిలోనికి గాని ఇంకుడుగుంతలోనికి గాని వదలరాదు. మంచినీరు వచ్చు చోట అలంకారమునకు ఆ యంత్రమును కొనువారిని చూచి నాకు నవ్వు వచ్చును. ఫ్లోరైడు గ్రామములలో మాత్రము కప్పు మీది వాననీటిని శుభ్రమైన తొట్టిలో పట్టుకొనుటకు మించిన ఉపాయము లేదు. తొలి రెండు వానలు కప్పును కడిగి పోనీయుడు.

ఆహారమున పాలు, పెరుగు, తైదలు, నువ్వులు, మునగాకు, ఉసిరిక మేలు చేయును. తేయాకులో ఫ్లోరైడు ఉన్నది. అట్టి ఊళ్ళలో తేనీరు తగ్గింపవలెను. మరొక విచిత్రము వినుడు. చింతపండు తిన్నవారి మూత్రములో ఫ్లోరైడు అధికముగా బయటికి పోయినట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించినారు. కొద్దిమంది ఆరోగ్యవంతులగు బాలురపై చేసిన పరీక్ష గనుక దానిని చికిత్స అనరాదు. కాని ఉపాధ్యాయులవారి భార్యకు నేను మానిపించినది ఆ చింతపండునే!

చెడునీటి వలన విరేచనములు పట్టినప్పుడు మొదటి ఔషధము నీరే. లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న టీ చెంచాతో తలకొట్టి 6 చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించుచుండవలెను. ఉప్పు ఎక్కువ కారాదు. పేలాల జావ, పలుచని గంజి, తుంగముస్తలు శొంఠి వేసి కాచిన నీరు హితము. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపరాదు. జ్వరము లేని పాత జిగట విరేచనములకు ఎండిన మారేడుపిందె చూర్ణము అరచెంచా మజ్జిగతో రెండు పూటలు ఇయ్యవచ్చును. నెత్తురు పడినను, కళ్ళు లోపలికి పోయినను, బిడ్డ ఆరు గంటలు మూత్రము పోయకున్నను ఇంటివైద్యము అంతటితో చాలించి వైద్యుని వద్దకు పరుగెత్తవలెను.

ఇక నీటి పరీక్ష. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలు జిల్లా కేంద్రములలో ఉన్నవి. ఒక లీటరు పట్టు కొత్త ప్లాస్టిక్ సీసా తీసికొనుడు, ఫ్లోరైడు పరీక్షకు గాజుసీసా తగదు. బోరును అయిదు నిమిషములు పారనిచ్చి, ఆ నీటితోనే సీసాను మూడుమార్లు కడిగి, నిండుగా పట్టి, తేది, చోటు వ్రాసి ఇయ్యవలెను. క్రిముల పరీక్షకైనచో సీసా వారే ఇత్తురు, దానిని కడుగరాదు, కొద్ది గంటలలో చేర్పవలెను. ఫ్లోరైడు, నైట్రేటు, కరిగిన లవణములు, క్రిములు అని నాలుగు అడిగిన సామాన్య గృహస్థునకు చాలును. బోరునీరు త్రాగువారు వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయించుట మంచిది. నీటిమట్టము దిగినప్పుడు అంకెలు మారును. మెడ, నడుము, కీళ్ళ నొప్పులని నా వద్దకు వచ్చువారిని ఇప్పుడు నేను నాడి పట్టుటకు ముందు ఆ కాగితము చూపుమని అడుగుచున్నాను.